కేబుల్ టీవీ మీద ఫిర్యాదు: ఏ ముక్క ఏ ఆఫీసుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మా కాలనీలో 210 ఇళ్లు. ఊరు మొత్తానికి ఒక్కడే కేబుల్ ఆపరేటర్. నెలకు 280 రూపాయలు తీసుకునేవాడు కాస్తా ఇప్పుడు 350 అంటున్నాడు. రసీదు అడిగితే ‘ఇష్టం లేకపోతే చెప్పండి, బాక్సు తీసుకెళ్తా’ అంటాడు. వాళ్లే నడిపే లోకల్ చానల్లో రాత్రి తొమ్మిది దాటితే రికార్డింగ్ డాన్సులు, పగలు గిట్టనివాళ్ల మీద తిట్లు. కరెంటు స్తంభాలకు వైర్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇవన్నీ రాసి మున్సిపల్ కమిషనర్‌కి అర్జీ ఇస్తే ‘మా పరిధిలో లేదు’ అని రాసిచ్చారు. కలెక్టరేట్‌లో ఇస్తే అదే కాగితం తిరిగి మున్సిపాలిటీకే వచ్చింది. కౌన్సిల్లో తీర్మానం పెట్టించి రేటు తగ్గించవచ్చా? అసలు కేబుల్ వాళ్ల మీద అజమాయిషీ ఎవరిది?
– కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి

సమాధానం: కౌన్సిల్ తీర్మానంతో రేటు తగ్గదండీ. కేబుల్ రేటు మీద మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ అధికారం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది వేరే. దాన్ని మీరు ఇంకా అడగలేదు.

మీ అర్జీ తిరిగి రావడానికి అధికారుల బద్ధకం ఒక్కటే కారణం కాదు. రేటు, రసీదు, డాన్సులు, వైర్లు అన్నీ ఒకే కాగితం మీద పెట్టారు. చట్టం వాటిని తలా ఒక చోట పెట్టింది. అలాంటి కాగితం ఏ టేబుల్ మీదకు వెళ్లినా, అక్కడి గుమాస్తాకు తన పరిధిలో లేని ముక్కే ముందు కనపడుతుంది. తిప్పి పంపడానికి అది చాలు. కలెక్టరేట్‌లోనూ జరిగింది ఇదే. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ నమోదు చేసేటప్పుడు ‘శాఖ’ అనే గడి ఒకటి నింపుతారు. కాలనీ, వైర్లు అన్న మాటలు చూసి అక్కడ ‘మున్సిపల్’ అని కొట్టి ఉంటారు. ఆ తర్వాత అది ఎటు వెళ్తుందో కలెక్టర్ కూడా చూడరు.

కాబట్టి ఆ అర్జీని విడదీయండి. ముందు వైర్లు. అవి ప్రాణాలతో ముడిపడ్డవి, పైగా మీ ఊళ్లోనే తేలే పని.

కరెంటు స్తంభం డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ ఆస్తి, మున్సిపాలిటీది కాదు. దాని మీద ఎవరు కేబుల్ లాగాలన్నా డిస్కం అనుమతి, స్తంభానికి ఇంత అని అద్దె ఉండాలి. రోడ్డు, కాలువ గట్టు, పార్కు, మున్సిపాలిటీ సొంతంగా పాతిన స్తంభాలు మాత్రం మున్సిపాలిటీవి. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం 1995లో వచ్చింది. 2011 సవరణతో అందులో 4బి అనే సెక్షన్ చేరింది. ప్రభుత్వ సంస్థల స్థలాల్లో కేబుల్ వేసుకోవడానికి ఆపరేటర్ అనుమతి అడగవచ్చని అది చెబుతుంది. ఆ సంస్థ ఖర్చు వసూలు చేసుకోవచ్చు, పని ఏ వేళలో ఏ పద్ధతిలో చేయాలో షరతు పెట్టవచ్చు, అవసరం పడితే కేబుల్ తీయమనీ జరపమనీ అడగవచ్చు. మీ కమిషనర్‌కు ‘పరిధి’ ఉన్నది ఇక్కడే. కౌన్సిల్లో తీర్మానం పెట్టించే పలుకుబడి మీకు ఉంటే రేటు మీద కాదు, దీని మీద పెట్టించండి: ప్రతి కేబుల్‌కూ ఆపరేటర్ పేరుతో ట్యాగు ఉండాలి, పనిచేయని కేబుళ్లు ఫలానా తేదీలోగా తీసేయాలి, రోడ్డు తవ్వితే పూడ్చే ఖర్చు ముందే కట్టాలి అని.

వేలాడే గుత్తుల్లో చాలా భాగం చచ్చిపోయిన వైర్లే ఉంటాయి. కోయాక్సియల్ (పాత రకం లోహపు కేబుల్) నుంచి ఫైబర్‌కు మారినప్పుడు కొత్తది లాగుతారు, పాతది తీయరు. తీయాలంటే కూలీ ఖర్చు, తీసినా పాత కేబుల్‌కు ధర రాదు. పాత కోయాక్సియల్‌లో లోహపు అల్లిక ఉంటుంది, బరువు మోయడానికి పక్కన ఇనప తీగ ఉంటుంది. గాలివానకు కరెంటు తీగ తెగి దాని మీద పడితే ఆ కరెంటు వీధంతా పాకుతుంది, ఒక్కోసారి ఇంట్లో బాక్సు దాకా వస్తుంది. స్తంభానికి బిగించిన యాంప్లిఫయర్ పెట్టె ఇంకో ప్రమాదం. మీటరు లేకుండా నేరుగా లైన్ నుంచి కొక్కెం వేసి దానికి కరెంటు తీసుకునే అలవాటు చిన్న ఊళ్లలో ఉంది. మీ వీధిలో అలాంటిది కనపడితే అర్జీలో మొదటి వాక్యం అదే కావాలి. అది కరెంటు చౌర్యం, డిస్కం వెంటనే కదిలే విషయం.

డిస్కం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఇచ్చే కాగితంలో ‘వైర్లు ప్రమాదకరంగా ఉన్నాయి’ అని రాస్తే పని జరగదు. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు, వీధి పేరు, ఫొటో, కేబుల్ నేలకు ఎంత ఎత్తులో ఉందో రాయండి. ఎత్తు కొలవడానికి పైకి కర్ర చాపకండి. పక్కన మనిషి నిలబడి ఉండగా ఫొటో తీస్తే ఎత్తు తెలిసిపోతుంది. పది స్తంభాలు చాలు. 1912కి ఫోన్ చేసి నమోదు చేయించి, వాళ్లిచ్చిన నంబరును కాగితం మీద వేయండి. మీరే కత్తిరించడం, కుర్రాళ్ల చేత లాగించడం మాత్రం వద్దే వద్దు. ఏ తీగలో కరెంటు ఉందో కంటికి తెలియదు.

ఇంకో జాగ్రత్త. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లు ఎడాపెడా కోశారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది, కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. మీ కాలనీలోనూ టీవీ కేబుల్, ఇంటర్నెట్ ఫైబర్ ఒకే గుత్తిలో ఉంటాయి. అందుకే ‘అన్నీ తీసేయండి’ అని కాకుండా ‘అనుమతి లేనివి, పనిచేయనివి గుర్తించి తీయించండి, మిగతావి ఎత్తు సరిచేసి కట్టించండి’ అని అడగండి.

ఇక లోకల్ చానల్. ఇది పూర్తిగా కలెక్టర్ పరిధి. 1995 చట్టం ‘అధీకృత అధికారి’ అన్నది జిల్లా మేజిస్ట్రేట్‌ను, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌ను, పోలీస్ కమిషనర్‌ను. అంటే మీకు కలెక్టర్, ఆర్డీవో. 19వ సెక్షన్ ప్రకారం ప్రజా ప్రయోజనం కోసం వాళ్లు ఒక కార్యక్రమాన్ని గానీ చానల్‌ను గానీ ఆపమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ప్రోగ్రామ్ కోడ్‌కు విరుద్ధంగా ఉన్నా, మతం, కులం, భాష పేరుతో చిచ్చు పెట్టేలా ఉన్నా ఆ అధికారం వర్తిస్తుంది. 20వ సెక్షన్ కింద నెట్‌వర్క్‌నే నిషేధించే అధికారం మాత్రం కేంద్రానిది.

ప్రోగ్రామ్ కోడ్ 1994 కేబుల్ నియమాల్లో 6వ నియమం. అసభ్యత, వ్యక్తుల మీద దుష్ప్రచారం, స్త్రీలను కించపరచడం, అందరూ చూడదగినవి కాని సినిమాలు అన్నీ అందులో నిషిద్ధం. మీరు రాసిన డాన్సులూ తిట్లూ రెండూ దీని కిందకే వస్తాయి. పైరసీ సినిమా వేస్తే అది కాపీరైట్ నేరం, పోలీసుల పని. దాన్ని ఈ అర్జీలో కలపకండి.

11వ సెక్షన్ కింద పరికరాలు స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఈ అధికారులకు ఉంది. కానీ కార్యక్రమం బాగోలేదన్న కారణంతో స్వాధీనం చేసుకోవాలంటే ఆపరేటర్ స్థాయిలో తయారయ్యే చానల్ వరకే అది పరిమితం. శాటిలైట్ చానల్లో ఏదో వచ్చిందని ఆపరేటర్ పెట్టెలు ఎత్తుకుపోకూడదు. స్వాధీనం చేసుకున్నవాటిని జిల్లా జడ్జి ఆమోదం లేకుండా పది రోజులకు మించి ఉంచుకోకూడదు. ఇవన్నీ తెలిసిన కలెక్టరేట్ సిబ్బంది సహజంగానే అంత దూరం వెళ్లరు. మీకు కావలసింది కూడా పెట్టెలు కాదు, ఆ కార్యక్రమాలు ఆగడం.

అందుకు మంచి దారి జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ. కేంద్ర సమాచార ప్రసార శాఖ 2008లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కలెక్టర్ అధ్యక్షులుగా ప్రతి జిల్లాలో ఇది ఉండాలి. ఎస్పీ, మహిళా కళాశాల ప్రిన్సిపాల్, పిల్లల కోసం, మహిళల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు సభ్యులు. జిల్లా సమాచార పౌరసంబంధాల అధికారి, అంటే డీపీఆర్‌ఓ, సభ్య కార్యదర్శి. లోకల్ చానళ్ల మీద ఫిర్యాదులు వినడం, దూరదర్శన్ చానళ్లు విధిగా వస్తున్నాయో లేదో చూడడం దీని పని. చాలా చోట్ల ఈ కమిటీ కాగితం మీదే ఉంటుంది. అందుకే అర్జీతో పాటు డీపీఆర్‌ఓ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి. ఫీజు జిల్లా స్థాయిలో 10 రూపాయలు. అడగాల్సినవి మూడే: కమిటీ ఏర్పాటు ఉత్తర్వు నకలు, ప్రస్తుత సభ్యుల జాబితా, గత రెండేళ్లలో జరిగిన సమావేశాల మినిట్స్. జవాబుకు 30 రోజుల గడువు. ‘సమావేశాలు జరగలేదు’ అని రాసివ్వడం ఏ అధికారికీ ఇష్టం ఉండదు. ఆ ఇబ్బందే మీకు పనికొస్తుంది.

సాక్ష్యం లేకపోతే కమిటీ కూడా ఏమీ చేయలేదు. ఫోన్‌తో టీవీ తెరను రికార్డు చేయండి. చానల్ నంబరు, పేరు, గోడ గడియారం గానీ ఆ సమయానికి వస్తున్న న్యూస్ చానల్ టైమ్ గానీ ఒకే షాట్‌లో పడాలి. మూడు వేర్వేరు రోజులవి ఉంటే ‘ఎప్పుడో పొరపాటున వచ్చింది’ అనే మాట నిలవదు. ఎంఎస్‌ఓలు, అంటే చానళ్లను సేకరించి మీ ఆపరేటర్ లాంటివాళ్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద సంస్థలు, తమ సొంత చానళ్ల రికార్డింగును 90 రోజులు ఉంచాలని 2022 నవంబరు మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి ప్రసారమైన 90 రోజుల్లోగా అర్జీ చేరాలి, అందులో ‘ఫలానా తేదీల రికార్డింగులు భద్రపరచి తెప్పించండి’ అని ఉండాలి. ఆ గడువు దాటాక మీ ఫోన్ వీడియో తప్ప ఇంకేమీ మిగలదు.

అవే మార్గదర్శకాల్లో మీకు ఉపయోగపడేవి ఇంకొన్ని ఉన్నాయి. ఇలాంటి లోకల్ చానల్‌ను ‘ప్లాట్‌ఫామ్ సర్వీస్’ అంటారు. ఒక్కో చానల్‌కు 1,000 రూపాయలు కట్టి ఎంఎస్‌ఓ నమోదు చేయించాలి. తెర మీద ‘ప్లాట్‌ఫామ్ సర్వీస్’ అన్న గుర్తు కనపడాలి. స్థానిక వార్తలు వేయాలంటే ఎంఎస్‌ఓ కంపెనీగా నమోదై ఉండాలి. మీ ఆపరేటర్ ‘చానల్ మాది, మా ఇష్టం’ అంటే నమ్మకండి. డిజిటల్ పద్ధతిలో చానళ్లన్నీ ఎంఎస్‌ఓ హెడ్‌ఎండ్‌లోనే, అంటే సిగ్నల్ బయలుదేరే కేంద్రంలోనే, ఎన్‌క్రిప్ట్ అవుతాయి (సిగ్నల్‌కు తాళం పడుతుంది). ఆ చానల్ మీ బాక్సులో ఒక నంబరు మీద వస్తోందంటే అది ఎంఎస్‌ఓకు తెలిసే వస్తోంది. అర్జీలో ఆపరేటర్‌తో పాటు ఎంఎస్‌ఓనూ ప్రతివాదిగా చూపండి. తన పేరు కాగితం మీద పడ్డ రోజున ఎంఎస్‌ఓ నుంచి ఆపరేటర్‌కు వెళ్లే ఫోన్, ఏ ఉత్తర్వు కన్నా త్వరగా పనిచేస్తుంది.

శిక్షల సంగతి కూడా తెలుసుకోండి. జైలు శిక్షలు ఉండేవి. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన జన్ విశ్వాస్ సవరణతో అవి పోయాయి. ఇప్పుడు సలహా, హెచ్చరిక, మందలింపు, మొదటిసారి 20,000 రూపాయల దాకా జరిమానా, మూడేళ్లలో మళ్లీ చేస్తే లక్ష దాకా. కాబట్టి అర్జీలో ‘అరెస్టు చేయాలి’ అని రాయకండి. లేని శిక్షను అడిగిన కాగితాన్ని చదివేవాడు తేలిగ్గా తీసుకుంటాడు.

అర్జీ ఒక పేజీ మించకూడదు. విషయం అన్న చోట ఇలా రాయండి: ‘1995 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం 19వ సెక్షన్ కింద అధీకృత అధికారి హోదాలో చర్య కోరుతూ.’ కింద చానల్ పేరు, నంబరు, ఎంఎస్‌ఓ పేరు, తేదీలు, వేళలు, ఒక్కో దాంట్లో ఏం వచ్చిందో ఒక్కో వాక్యం. చివర కోరిక రెండు ముక్కల్లో: రికార్డింగులు తెప్పించడం, జిల్లా కమిటీ ముందు పెట్టడం. పరిష్కార వేదికలో నమోదు చేసేవారి పక్కనే నిలబడి, శాఖ గడిలో సమాచార పౌరసంబంధాల శాఖ పడేలా చూసుకోండి. మొదటిసారి తిరిగొచ్చిన ఎండార్స్‌మెంట్ నకలు కూడా జత చేయండి.

శాటిలైట్ చానళ్ల మీద ఫిర్యాదుకు ఈ దారి కాదు. ముందు ఆ చానల్‌కే రాయాలి, 15 రోజుల్లో జవాబు రావాలి, ఆ పైన స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు. ఇది 2021 జూన్ నుంచి ఉన్న ఏర్పాటు.

ఇప్పుడు రేటు. అందరికీ మండేది ఇక్కడే, కానీ స్థానిక ఆఫీసుల చేతిలో అతి తక్కువ ఉన్నదీ ఇక్కడే. బిల్లులో మూడు భాగాలు ఉంటాయి: నెట్‌వర్క్ ఫీజు (కనెక్షన్‌కు కట్టేది), చానళ్ల ధర, రెండింటి మీద 18 శాతం జీఎస్టీ. నెట్‌వర్క్ ఫీజు 200 చానళ్లకు 130 రూపాయలు దాటకూడదని ట్రాయ్ (టెలికాం, ప్రసార సేవల నియంత్రణ సంస్థ) పరిమితి ఉండేది. 2024 జూలై సవరణలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఎంఎస్‌ఓ ఎంత పెడితే అంత. ప్రాంతాన్ని బట్టి వేర్వేరుగానూ పెట్టవచ్చు. కానీ పెట్టిన రేటును బహిరంగంగా ప్రకటించాలి. మీకున్న పట్టు ఆ ప్రకటనే. ఇన్‌స్టలేషన్, ఇంటికొచ్చినందుకు తీసుకునే చార్జీలకూ ఇదే వర్తిస్తుంది. ‘130 మించకూడదని ట్రాయ్ చెప్పింది’ అని వాదించే పాత వాట్సాప్ మెసేజీలు ఇంకా తిరుగుతున్నాయి, వాటిని పట్టుకుని వెళ్లకండి.

లెక్క ఇలా వేయండి. నెట్‌వర్క్ ఫీజు 130, చానళ్ల ప్యాకు 100 అనుకుంటే 230. జీఎస్టీ 41.40 కలిపితే 271.40. మీ దగ్గర 350 తీసుకుంటుంటే తేడా 78.60. ఆ తేడా ఎక్కడిది అన్నదే మీ ప్రశ్న కావాలి. అసలు సంఖ్యలు మీ బాక్సులోనే దొరుకుతాయి. రిమోట్‌లో మెనూ నొక్కి అకౌంట్ లేదా సబ్‌స్క్రిప్షన్ పేజీ తెరిస్తే మీ మీద ఏ ప్యాక్ యాక్టివేట్ అయి ఉందో, గడువు ఎప్పుడో కనపడుతుంది. 999 నంబరు చానల్లో రేట్ల సమాచారం ఉండాలి. ఇప్పుడు చాలా చోట్ల నడుస్తున్నది ప్రీపెయిడ్. ఆపరేటర్ మీ దగ్గర నగదు తీసుకుని, ఎంఎస్‌ఓ దగ్గర ఉన్న తన వాలెట్ నుంచి మీ బాక్సు రీచార్జ్ చేస్తాడు. 350 తీసుకుని చిన్న ప్యాక్ వేసినా మీకు తెలియదు. ఇంకోటి, గడువు రోజుల లెక్కలోనే చెప్పాలని 2024 సవరణ అంటోంది. ‘నెల’ అని చెప్పి ఎన్ని రోజులు ఇస్తున్నాడో చూడండి.

ఆపరేటర్ వైపు కూడా ఒక మాట చెప్పాలి. విడిగా ఒప్పందం లేకపోతే నెట్‌వర్క్ ఫీజులో ఎంఎస్‌ఓకు 55, ఆపరేటర్‌కు 45 పాళ్లు. 130లో 58.50 అతని వాటా. స్తంభాల అద్దె, లైన్‌మన్ జీతం అందులోంచే. ఓటీటీల దెబ్బకు కనెక్షన్లు తగ్గుతున్నాయి, మిగిలినవాళ్ల మీద వడ్డిస్తున్నాడు. అది అర్థం చేసుకోదగ్గదే కానీ, రసీదు ఇవ్వకపోవడానికి కారణం కాదు.

ఈ నెల నుంచి నగదు ఇవ్వకండి. ఎంఎస్‌ఓ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో నేరుగా కట్టే వీలుంటే అక్కడే కట్టండి. లేకపోతే యూపీఐలో కట్టి ‘ఫలానా నెల కేబుల్, బాక్సు నంబరు ఇంత’ అని నోట్ రాయండి. తర్వాత ఎంఎస్‌ఓ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు తీసుకోండి. తేలకపోతే ఎంఎస్‌ఓ నోడల్ అధికారికి రాయండి. ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ పరిష్కరించదు, అక్కడికి రాసి నెలలు ఎదురుచూడకండి. ఆ పైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, చివరగా జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కమిషన్‌లో ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి.

‘బాక్సు తీసుకెళ్తా’ అన్న బెదిరింపుకు జవాబు మీ దరఖాస్తు ఫారంలో ఉంది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు నింపిన ఆ ఫారం నకలు మీకు ఇవ్వాలి. బాక్సు కొన్నదైతే అది మీ సొత్తు, కనీసం ఏడాది వారంటీ. అద్దెదైతే డిపాజిట్ సంగతి అందులో ఉంటుంది. అయితే ఒక ఎంఎస్‌ఓ బాక్సు ఇంకో ఎంఎస్‌ఓకు పనిచేయదు. మారాలంటే ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

మారడం అన్నాను కదా, ‘ఈ ఏరియా మాది’ అనే మాటకు చట్టంలో పునాది లేదు. రిజిస్ట్రేషన్ అంటే గుత్తాధిపత్యం కాదు. ఇదివరకు హెడ్ పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టి ఏటా రిజిస్టర్ చేయించుకునేవారు. 2025 జనవరి నుంచి బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో, 5,000 రూపాయల ఫీజుతో ఐదేళ్లకు ఇస్తున్నారు, అదీ దేశమంతటా చెల్లేలా. మీ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ నంబరు, అది ఎప్పటిదాకా చెల్లుతుందో అడగండి. లేకుండా నడుపుతుంటే అది 3వ సెక్షన్ ఉల్లంఘన, మళ్లీ కలెక్టర్ పరిధి. పక్క ఊరి ఆపరేటర్‌ను గానీ ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ లైను ఉన్నవాళ్లను గానీ మీ కాలనీకి పిలిస్తే, స్తంభం అనుమతి ఒక్కటే వాళ్లకు అడ్డు. 210 ఇళ్లలో 60 మంది సంతకాలు చూపించగలిగితే కేబుల్ లాగడానికి ఎవరైనా వస్తారు. మిగతావాళ్ల రేటు ఆ కబురు అందగానే దిగవచ్చు.

మీరు అడగలేదు కానీ, ఊళ్లో ఒకే నెట్‌వర్క్ ఉంటే ఎదురయ్యే ఇంకో చిక్కు ఉంది. 2014 జూన్‌లో తెలంగాణలో, 2024 జూన్‌లో ఆంధ్రలో ప్రభుత్వాలు మారిన వెంటనే కొన్ని తెలుగు న్యూస్ చానళ్లు కేబుల్లో మాయమయ్యాయి. సిగ్నల్ ఆపాలంటే మూడు వారాల ముందు నోటీసు ఉండాలని ట్రాయ్ నిబంధన. అలా జరిగినప్పుడు వినియోగదారుల బృందంగా టీడీశాట్‌కు (టెలికాం, ప్రసార వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు) వెళ్లే హక్కు మీకు ఉంది. ఒక్కరిగా వెళ్లడానికి లేదు.

రేటు విషయంలో 210 ఇళ్లూ 210 కేసులు వేయనక్కర్లేదు. ఒకే ఇబ్బంది ఉన్న చాలామంది తరఫున కొందరు వేయడానికి 2019 వినియోగదారుల చట్టం 35వ సెక్షన్ ఒప్పుకుంటుంది, కమిషన్ అనుమతి తీసుకోవాలి. దానికి ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి: పది ఇళ్లకు వెళ్లి, పది బాక్సుల్లో అకౌంట్ పేజీ ఫొటో తీసి, ఆ నెల వాళ్లు ఎంత ఇచ్చారో పక్కన రాయించండి. ఒకే ప్యాక్‌కు 280, 320, 350 అని మూడు రేట్లు తేలితే ఆ కాగితం ఎంఎస్‌ఓ నోడల్ అధికారికి మెయిల్ చేసి, వారం ఆగి చూడండి.